తవ్వకం లేని నిధి వేట

కర్నూలు జిల్లాలో నిధి అన్న మాట పైకి అంటే వినేవాళ్ళకు రెండే సంగతులు గుర్తొస్తాయి. ఒకటి వజ్రాలు. తొలకరి పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో జనం నడుము వంచి తిరుగుతూ కనిపిస్తారు. అనంతపురం నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా వచ్చి గదులు అద్దెకు తీసుకుని, తెల్లవారింది మొదలు పొద్దు వాలేదాకా ఎర్రమట్టిలో మెరిసే రాయి కోసం వెతుకుతారు. రెండోది గుప్త నిధుల తవ్వకాలు. పాడుబడిన గుడి, కొండ మీది మండపం, పాత బురుజు కనబడితే రాత్రికి రాత్రి గడ్డపార దింపే ముఠాల గురించి పేపర్లో చదవనివాళ్ళు మా దగ్గర ఉండరు. ఇక కొండారెడ్డి బురుజు కింద సొరంగం ఉందని, అది తుంగభద్ర కిందుగా గద్వాల దాకా పోతుందని మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు.

అలాంటి ఊళ్ళో, సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్లల కోసం నేనొక నిధి వేట పెట్టాలనుకున్నాను. గడ్డపార లేనిది, మట్టి ముట్టుకోనిది. మా అక్క పిల్లలు హైదరాబాదు నుంచి, తమ్ముడి పిల్లలు బెంగళూరు నుంచి వస్తారు. వచ్చిన మొదటి రోజు అరిసెలు, రెండో రోజు గాలిపటాలు, మూడో రోజు నుంచి తలా ఒక మూల ఫోను. ఆ మూడో రోజును ఏదైనా చేయాలని నా ఆలోచన.

ఆట నా సొంత ఊహ కాదు. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే విశాలమైన చిత్తడి నేల ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే ఆయన, యాత్రికులకు దారి చూపేవాడు, అక్కడ క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు వచ్చినట్టు గుర్తుగా తమ పేరున్న కార్డు అందులో వేసి పోయేవారు. కాలం గడిచేకొద్దీ సీసా స్థానంలో పెట్టె, పెట్టెలో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం వచ్చాయి. సూచనలు చదువుకుంటూ వెళ్ళి పెట్టెను పట్టుకున్నవాళ్ళు దానిలోని ముద్రను తమ పుస్తకంలో, తమ ముద్రను దానిలోని పుస్తకంలో వేసి, పెట్టెను ఉన్నచోటే మళ్ళీ దాచి వెళ్ళాలి. దీని పేరు లెటర్‌బాక్సింగ్. దీనికి తమ్ముడి వరస జియోక్యాచింగ్. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన తేడాను 2000 మే నెల మొదట్లో తీసేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తప్పు చూపిన పరికరాలు రాత్రికి రాత్రి బాగుపడ్డాయి. మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్లో పుస్తకాలు, బీన్స్ డబ్బా వంటి సామాను వేసి అడవిలో పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. వెతుక్కోండి అన్నాడు. వెతికారు.

ముందు నేనూ ఫోను పద్ధతే అనుకున్నాను. అంకెలు ఇస్తే పిల్లలే వెతుక్కుంటారు, నాకు శ్రమ తక్కువ. అక్షాంశాన్ని దశాంశంలో అయిదు స్థానాల దాకా రాస్తే చివరి అంకె విలువ నేల మీద దాదాపు ఒక మీటరు. కాగితం మీద అది చాలా ముచ్చటగా ఉంటుంది. ఫోను మాత్రం ఆరుబయట కూడా నాలుగైదు మీటర్ల తేడా చూపిస్తుంది, చెట్ల కిందికి పోతే ఇంకా ఎక్కువ. అయినా నేను వద్దనుకున్నది అందుకు కాదు. మా పెరటి వీధిలో మా అక్క చిన్న కూతురితో ఒకసారి ఆడించి చూశాను. ఫోనులో చుక్క ఎటు జరిగితే తనూ అటు జరిగింది. వేపచెట్టు కిందికి వెళ్ళి నిలబడింది, తలెత్తి వేపచెట్టును చూడనే లేదు. చుక్క వెంట నడిచేవాళ్ళకు చుట్టూ ఏమున్నా ఒకటే. నాకు కావలసిన ఆట అది కాదు.

చోటు వెతకడంలో మొదట గుర్తొచ్చింది ఓర్వకల్లు రాక్ గార్డెన్. సినిమావాళ్ళు వెతుక్కుంటూ వచ్చే చోటు, ఆ రాళ్ళ అందం అలాంటిది. కానీ ఆ రాళ్ళ సందులే నన్ను భయపెట్టాయి. నిధి అనగానే పిల్లలు చేసే మొదటి పని ప్రతి సందులోనూ చేయి పెట్టడం. రాయలసీమ రాళ్ళ కింద తేళ్ళు ఉంటాయి, చిన్న పింజర ఉంటుంది. చిన్న పింజర అంటే మూరెడు పాము, మట్టి రంగు, కంటికి ఆనదు, కాటు మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి రాళ్ళు వద్దు. నందికొట్కూరు దారిలో గార్గేయపురం చెరువు పక్కన ఉన్న నగరవనం మేలనిపించింది. నడిచే బాటలు ఉన్నాయి, ఊరికి దగ్గర, పక్కనే నీళ్ళు కాబట్టి చలికాలంలో పిట్టలకు కొదవ లేదు.

అటవీ శాఖ చోటు కాబట్టి అడగకుండా ఏదీ చేయకూడదు. ఒక ఉదయం గేటు దగ్గరికి వెళ్ళి అక్కడున్న కాపలా మనిషికి సంగతి చెప్పాను. పిల్లలకు నిధి వేట పెడతాను అనగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తవ్వకాలా సార్?"

"తవ్వేది ఏమీ లేదన్నా. నిధి నేనే తెచ్చి పెడతాను, పిల్లలు వెతుకుతారు."

"మీరే పెట్టి మీరే వెతుక్కుంటారా?"

వివరంగా చెబుదామని జేబులోంచి నేను గీసుకున్న పటం తీసి చూపించాను. దాంతో వ్యవహారం ఇంకా చెడింది. బాటలు, చెరువు కట్ట, చెట్లు, వాటి మధ్య ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తులు. ఆయన ఆ గుర్తుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ ఎక్కడో అడిగాడు. తర్వాత పై అధికారికి ఫోను చేసి, ఎవరో పటం పట్టుకుని వచ్చారని చెప్పాడు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

పై అధికారి వచ్చి ఓపిగ్గా విన్నారు, నవ్వారు, షరతులు చెప్పారు. చెట్లకు మేకులు కొట్టకూడదు. రాళ్ళ మీద, మానుల మీద రంగు పూయకూడదు. ప్లాస్టిక్ తేకూడదు. తెచ్చిన ప్రతి వస్తువూ సాయంత్రానికి వెనక్కి తీసుకుపోవాలి. చెరువు వైపు పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకూడదు. జవాబులన్నీ రాసిన కాగితం ఒకటి ముందే గేటు దగ్గర ఇవ్వాలి. ఈ చివరి షరతు కాపలా ఆయన పెట్టించిందని నా అనుమానం. నేను కూడా నాకు తెలిసిన చట్టం ఒకటి చెప్పాను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్ళు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇప్పటికీ పది రూపాయలే. "మీ డబ్బాలో ఏముంటుంది?" అని అడిగారు. వేరుశనగ చిక్కీలు అన్నాను. అవే పది రూపాయలు దాటుతాయి కదా అన్నారు. నేలలో కాదు, కొమ్మకు కడతాను కాబట్టి చట్టం వర్తించదని తేల్చుకున్నాం.

తర్వాత పని నడవడం. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, పిల్లలకు దక్కనిది కూడా ఇదే. సూచన ఇంట్లో కూర్చుని రాయలేం. అక్కడ ఏ చెట్టుంది, ఏ నెలలో అది ఎలా ఉంటుంది, ఉదయం పది గంటలకు ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, బాట ఎక్కడ చీలుతుంది, ఇవన్నీ కాళ్ళతో చూసుకోవాలి. ఉదయం నడకకు వచ్చేవాళ్ళు నన్ను వింతగా చూశారు. చెట్టు కింద నిలబడి, నోట్‌బుక్‌లో ఏదో రాసి, వెనక్కి అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషిని ఎవరైనా అలాగే చూస్తారు.

దాచడానికి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఏ చీటీ మోకాలి కన్నా కిందుగా ఉండకూడదు. చేయి పెట్టి తడమాల్సిన అవసరం ఎక్కడా రాకూడదు, చీటీ కంటికి కనిపించాల్సిందే. తొర్రలు, పుట్టలు, రాళ్ళ అడుగులు అన్నీ నిషిద్ధం, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. అప్పుడు దాచడం ఎలా అని నాకే సందేహం వచ్చింది. బాట మీద నడిచేవాడికి కనబడకుండా, చెట్టు చుట్టూ తిరిగినవాడికి కనబడేలా కట్టాలి. చీటీని మట్టి రంగు గుడ్డ సంచిలో పెట్టి, మాను వెనక వైపు, పెద్దవాళ్ళ రొమ్ము ఎత్తులో జనపనార తాడుతో కడితే సరిపోయింది. మేకు అక్కర్లేదు, సాయంత్రం విప్పుకుంటే గుర్తు కూడా మిగలదు.

సూచనలు రాయడానికి మొదట మన పొడుపు కథలే తీసుకున్నాను. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" అని మా అక్క పెద్ద కూతురికి చదివి వినిపిస్తే, నేను వాక్యం ముగించేలోపే ఫోనులో వెతికి "తేనెపట్టు" అంది. పాత పొడుపు కథలన్నీ ఫోనులో జవాబులతో సహా కూర్చుని ఉన్నాయి. కాబట్టి ఎక్కడా లేనివి, ఆ వనంలో నిలబడితే తప్ప అర్థం కానివి, నేనే కట్టాలి. కవిత్వం నాకు రాదు. అయినా చెట్టు ఎదురుగా ఉంటే మాట దానంతటదే వస్తుంది.

నల్ల తుమ్మకు ఇలా రాశాను: "ఒంటినిండా సూదులు, మెడనిండా పూసల దండలు. కుట్టడమూ రాదు, కట్టుకోవడమూ రాదు." తుమ్మకాయ గింజ గింజకూ నొక్కుకుపోయి పూసలు గుచ్చినట్టే ఉంటుంది కదా. రేలకు: "వేసవిలో ఒళ్ళంతా బంగారం, చలికాలంలో చేతుల నిండా నల్ల కర్రలు." రేల పూలు పసుపు గుత్తులుగా వేలాడేది ఏప్రిల్, మే నెలల్లో. జనవరిలో చెట్టుకు మూరెడు నల్లటి కాయలు మాత్రమే ఉంటాయి, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. రేగుకు: "భోగినాడు మీ నెత్తిన పడినవాళ్ళ పుట్టిల్లు." ఇది నాకు గర్వంగా అనిపించిన సూచన. గిజిగాడి గూటికి: "గుమ్మం నేల వైపు, పునాది ఆకాశం వైపు. కట్టినవాడికి తాపీ లేదు, తాడు లేదు." చెరువు వైపు ఒక తుమ్మకు వానాకాలం నాటి గూళ్ళు ఇంకా వేలాడుతున్నాయి.

ఒక చీటీ మాత్రం చదవడమే కష్టంగా ఉండేలా చేశాను. వజ్రాల కోసం జనం వంగి తిరిగే ఆ తుగ్గలి మండలంలోనే ఎర్రగుడి ఉంది. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో చిన్న శాసనం కొంత భాగంలో ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, దున్నే ఎద్దులు సాలు చివర తిరిగినట్టు. మన జిల్లాలో ఉన్న ఆ విద్యను వాడుకోకపోతే ఎలా? "నీళ్ళ వైపు ముఖం పెట్టి నిలబడు" అని మొదటి వరుస మామూలుగా రాసి, రెండో వరుస "డుచూ కుమడఎ" అని రాశాను. అక్షరాలు వెనక్కి తిప్పితే "ఎడమకు చూడు". ఇంగ్లీషు చదువుల పిల్లలకు తెలుగు చదవడమే అంతంత మాత్రం. అయినా ఈ చీటీ దగ్గర వాళ్ళు పెద్దవాళ్ళ కన్నా తొందరగా తేల్చారు. కూడబలుక్కుని చదివేవాడికి ప్రతి అక్షరం విడిగా కనబడుతుంది, గడగడా చదివేవాళ్ళకు మాట మొత్తం కనబడాలి. మా తమ్ముడు ఆ చీటీ పట్టుకుని ఇది కన్నడమా అని అడిగాడు.

చివరి సూచనకు నీడను పెట్టుకున్నాను. బాట చివర ఒక ఇనుప స్తంభం ఉంది, దాదాపు ఆరడుగులు. "నా నీడ పొట్టిదైనప్పుడు అది చూపిన వైపు పది అంగలు" అని రాశాను. దీని వెనక లెక్క ఉంది. గడియారం పన్నెండు కొట్టగానే సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉంటాడనుకుంటాం. మన దేశ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. కర్నూలు దానికి పడమరగా 78 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు మధ్యాహ్నం పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. దానికి తోడు జనవరి నడుమ సూర్యుడు మరో తొమ్మిది నిమిషాలు వెనకబడతాడు. అంటే అసలు మధ్యాహ్నం దాదాపు పన్నెండున్నరకు. అప్పుడు ఆరడుగుల స్తంభానికి నాలుగున్నర అడుగుల నీడ, సూటిగా ఉత్తరానికి. పన్నెండింటికే చూసుకుని నడిచినవాళ్ళు పది అంగల దూరంలో నాలుగైదు అడుగులు పక్కకు పోతారు, అక్కడ వేరే చెట్టు ఉంది. ఇదే ఆట మే మొదటి వారంలోనో ఆగస్టు రెండో వారంలోనో పెడితే, మధ్యాహ్నం వేళ స్తంభానికి నీడే ఉండదు. ఆ రోజుల్లో సూర్యుడు కర్నూలుకు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు.

ఈ సూచన వల్ల ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఎంత పరుగెత్తి వచ్చినా పన్నెండున్నర దాకా ఆగాల్సిందే. ముందొచ్చిన జట్టు, వెనకొచ్చిన జట్టు స్తంభం దగ్గర కలుస్తాయి. చిన్నపిల్లలున్న జట్టు ఏడవకుండా ఉండాలంటే ఇలాంటి ఏర్పాటు ఒకటి తప్పనిసరి.

ముద్రలు ఇంట్లోనే చేశాం. పెద్ద ఎరేజరు మీద పెన్నుతో బొమ్మ గీసి, బ్లేడుతో చుట్టూ చెక్కితే ముద్ర తయారు. చెక్కే పని మాత్రం పెద్దవాళ్ళది. ఒక జట్టు ఉడుతను కోరింది, చెక్కాక అది ఎలుక అయ్యింది. ఇంకో జట్టు శ్రమ ఎందుకని బెండకాయ అడ్డంగా కోసి సిరాలో అద్దింది. అయిదు రేకుల పువ్వు చక్కగా పడింది, నా ఎలుక కన్నా వెయ్యి రెట్లు నయం.

కనుమ మరునాడు ఉదయం పదింటికి మొదలుపెట్టాం. మూడు జట్లు, జట్టుకొక పెద్దమనిషి, పిల్లల ఫోన్లన్నీ ఒక సంచిలో. మూడు జట్లకూ చీటీలు అవే, వరుస మాత్రం వేరు. లేకపోతే వెనక జట్టు ముందు జట్టు వెంట నడుస్తుంది తప్ప చీటీ చదవదు.

మా నాన్నను చిన్నపిల్లల జట్టులో వేశాను. ఆయనకు వాస్తు పిచ్చి. ఇంట్లో చీపురు ఏ మూల ఉండాలో కూడా ఆయన చెబితేనే. ఒక చీటీలో "రేగుచెట్టు నుంచి నైరుతిగా" అని ఉంది. మిగతా జట్లు నైరుతి అంటే ఏమిటని కొట్టుకుంటుంటే, మా నాన్న సూర్యుణ్ణి ఒకసారి చూసి, చేయి చాచి, "అదిగో, మీ ఇంట్లో బరువులు పెట్టే మూల" అన్నారు. ఆ జట్టులోని అయిదేళ్ళవాడు ఆ తర్వాత సాయంత్రం దాకా ప్రతి వస్తువూ ఏ మూలన ఉందో చెబుతూనే ఉన్నాడు. వాస్తు గురించి నేను నాన్నతో వాదించడం మానేసి చాలాకాలమైంది, ఆ రోజు మాత్రం ఆ విద్యకు నమస్కారం పెట్టాను.

రేగుచెట్టు దగ్గర ఆట కాసేపు ఆగిపోయింది. పండ్లు దోరగా ఉన్నాయి. చీటీ చేతికి అందాక కూడా ఎవరూ కదలలేదు. ముళ్ళు గీసుకుంటున్నా కింద రాలినవి ఏరుకుని తింటూ నిలబడ్డారు. బెంగళూరు పిల్ల ఒకటి నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, ఇంకొకటి తీసుకుంది.

చిక్కంతా రేల చెట్టు దగ్గర వచ్చింది. మా అక్క జట్టు మాను చుట్టూ తిరిగింది, సంచి లేదు. నేనూ వెళ్ళి చూశాను, తాడు కూడా లేదు. కోతుల మీద అనుమానపడుతుండగా బాట మీద ఆకులు ఊడుస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి చీపురు ఆపింది.

"చెట్టుకు కట్టిన సంచి మీదేనా నాయనా?"

"మాదే అవ్వా. నువ్వు తీశావా?"

"చెట్లకు ఏవేవో కట్టి పోతుంటారు. తీయకపోతే ఎట్లా? లోపల రాత ఉందని చెత్తలో వేయలేదు." బుట్ట అడుగున జాగ్రత్తగా మడిచి పెట్టిన సంచి తీసింది. పిల్లలు చేతులు చాచారు. అవ్వ ఇవ్వలేదు. "ముందు ఏముందో చదవండి. ఉదయం నుంచి ఏం రాశారో అని ఆలోచిస్తున్నాను, నాకేమో చదువు రాదు."

మా అక్క పెద్ద కూతురు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. గుమ్మం నేల వైపు, పునాది ఆకాశం వైపు. ఆ పిల్ల రెండో వాక్యానికి వెళ్ళేలోపే అవ్వ, "గిజిగాడి గూళ్ళు. కట్ట అవతల తుమ్మకు ఉన్నాయి, పోండి" అని మళ్ళీ చీపురు అందుకుంది.

పిల్లలు కదలకుండా ఆమె వంకే చూస్తూ నిలబడ్డారు. గిజిగాడు అంటే ఏమిటని అడిగారు. అవ్వకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు, గిజిగాడు అంటే గిజిగాడే కదా. తర్వాత వాళ్ళ వెంట తుమ్మ దాకా వచ్చి చూపించింది. గడ్డి పోచలు అల్లిన బుర్రలు, కిందికి వేలాడే గొట్టంలాంటి దారి, ఒకటి సగం కట్టి వదిలేసినది. "ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చకపోతే మగపిట్ట ఇంకోటి మొదలుపెట్టాల్సిందే" అంది. మా అక్క బావ వైపు చూసి నవ్వింది. ఎందుకో వాళ్ళకే తెలియాలి.

మిగతా రెండు జట్లకు సంగతి తెలిసి పంచాయతీ పెట్టాయి. బయటివాళ్ళను అడిగి జవాబు తెలుసుకోవడం మోసం అన్నారు. నా తీర్పు ఒకటే. ఫోనును అడగకూడదు, మనిషిని అడగవచ్చు. తీర్పు వినగానే రెండు జట్లూ అవ్వ కోసం పరుగెత్తాయి. అవ్వ మాత్రం, "ఒకసారి చెప్పాను, చాలు, పని చేసుకోనివ్వండి" అని తరిమేసింది.

పన్నెండు దాటేసరికి అందరూ స్తంభం దగ్గరికి చేరారు. గడియారం చూసి నడవబోయిన జట్టును తమ్ముడి పెద్దకొడుకు ఆపాడు. చీటీలో పన్నెండు అని లేదు, పొట్టి నీడ అని ఉంది కదా అని వాడి వాదన. వాడే గులకరాళ్ళు ఏరి, నీడ కొస దగ్గర ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాడు. కొంచెం సేపటికి ఒక రాయి, మళ్ళీ కొంచెం సేపటికి ఒకటి. రాళ్ళ వరుస స్తంభం వైపు జరుగుతూ వచ్చి, ఒకచోట జరగడం మానేసి, తర్వాత దూరం కావడం మొదలుపెట్టింది. చూస్తుండగానే నీడ కదులుతుందని ఆ పిల్లల్లో చాలామందికి అప్పుడే తెలిసింది. కాపలా ఆయన కూడా వచ్చి, జవాబుల కాగితం చేతిలో ఉన్నా, రాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

పది అంగల దగ్గర మళ్ళీ గొడవ. ఎవరి అంగ? అయిదేళ్ళవాడి పది అంగలు కానుగ చెట్టుకు చాలా ఇవతలే అయిపోయాయి. చివరికి చీటీ రాసినవాడి అంగే లెక్క అని అందరూ నన్నే నడిపించారు. కానుగ కొమ్మకు కట్టిన స్టీలు డబ్బా ఎదురుగానే కనబడింది.

అందులో నా ముద్ర, సిరా డబ్బా, వంద పేజీల నోట్‌బుక్కు, చిక్కీలు, తలా ఒక పలుగురాయి. పలుగురాయి అంటే మా పొలాల్లో తెల్లగా మెరిసే రాయి, వజ్రాలు వెతికేవాళ్ళను రోజుకు పదిసార్లు మోసం చేసేది. ఇంటి పునాది కంకరలోంచి ఏరి, కడిగి పెట్టాను. చిక్కీల కన్నా దానికే గిరాకీ వచ్చింది. కాపలా ఆయన ఒకటి తీసుకుని, ఎండకు పట్టి, తిప్పి తిప్పి చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి ఇచ్చాడు.

నోట్‌బుక్కులో ఎలుక ముద్ర, బెండకాయ ముద్ర, మూడో జట్టు వేలిముద్రలు పడ్డాయి. అవ్వను పిలిచి ఆమె వేలిముద్ర కూడా వేయించారు. నిజమైన లెటర్‌బాక్సింగులో డబ్బాను అక్కడే వదిలి రావాలి. మాకు షరతు ఉంది కాబట్టి సంచులు, తాళ్ళు, డబ్బా లెక్క చూసుకుని గేటు దగ్గర చూపించి తెచ్చుకున్నాం.

చేయాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే మన వైపు ఇది కుదురుతుంది. మార్చి దాటితే మధ్యాహ్నం నీడ కోసం ఎవరూ నిలబడలేరు. నీళ్ళు, టోపీలు, జట్టుకొక పెద్దమనిషి, ముందుగా అనుమతి, ఇవి లేకుండా వద్దు. పటం మీద మాత్రం ఇంటూ గుర్తులు పెట్టకండి, సున్నాలు చుట్టండి.

వచ్చే సంక్రాంతికి సూచనలు తానే రాస్తానని మా నాన్న పట్టుబట్టారు. ఎనిమిది దిక్కులతో ఎనిమిది చీటీలు ఇప్పటికే సిద్ధం చేశారు. చోటు కూడా ఆయనే ఎంచుకున్నారు, ఓర్వకల్లు దగ్గరి కేతవరం. అక్కడ రాతి గుహల్లో వేల ఏళ్ళ నాటి బొమ్మలున్నాయి. గెలుపు కోసం పరుగెత్తే పిల్లలను అలాంటి గోడల దగ్గరికి తీసుకుపోకూడదని, చూడటానికి వేరే రోజు నెమ్మదిగా వెళ్దామని నేను చెబుతున్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.